బండ మీద ‘కదా’ అనవద్దు

కనిపెట్టేది ఏమీ లేదు

సర్వే పనిలో చేరబోయే కుర్రవాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరకు వస్తారు. ఈమధ్య ఇంకో రకం వాళ్లు కూడా వస్తున్నారు. ఆదివారం పూట రంగురంగుల తాళ్లతో భువనగిరి బండ దగ్గరకు పోయి, మధ్యాహ్నానికల్లా దిగి ఫొటోలు తీయించుకునే వాళ్లు. ఈ రెండు రకాల వాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే: “ఎవరూ ఎక్కని గుట్టలు మీరు ఎన్ని ఎక్కారు సార్?”

ఒక్కటి కూడా ఎక్కలేదు. రాసుకోండి.

దేవరకొండ దాటి కృష్ణా నది వైపు పోతే, అక్కడి నుంచి అమ్రాబాద్ అడవి అంచు దాకా, రోడ్డు లేని నేల చాలా ఉండేది. పటంలో ఆ భాగం తెల్లగా ఉండేది. దాన్ని నింపడమే యాభైల చివర, అరవైల్లో మా పని. కోణాలు కొలిచే థియోడొలైట్ పెట్టెను ఒక మనిషి వీపున కట్టుకుని గుట్ట కొన మీదికి చేర్చాలి. అక్కడ బండలో ఉలితో చిన్న గుంట తొలిచి, చుట్టూ గీత కొట్టి, దాని మీద పరికరం నిలబెట్టాలి. చుట్టుపక్కల గుట్టల మీద ముందే నాటిన జెండాలను ఒక్కొక్కటిగా చూస్తూ కోణాలు చదవాలి. ఎండ ముదిరితే గాలి వణుకుతుంది, జెండా కనిపించదు. అందుకని పొద్దు పొడవకముందే ఎక్కడం మొదలుపెట్టాలి. ఇంతే పని. మిగతాదంతా కాళ్లు, చేతులు, తాడు.

ఆ తెల్లటి భాగాన్ని మా ఆఫీసులో ‘మనిషి అడుగు పడని ప్రాంతం’ అనేవారు. మొదటి సంవత్సరం నేనూ నమ్మాను. కొన మీదికి పాకి తల పైకెత్తితే మేకపెంటికలు కనిపించేవి. ఒకచోట సగం కాలిన బీడీ. అచ్చంపేట అవతల ఒక గుండును మేము నలుగురం తాడు పట్టుకుని, మోచేతులు చీరుకుపోయేలా మూడు గంటలు ఎక్కాం. ఎక్కి చూస్తే ఒక ముసలమ్మ కొంగులో సీతాఫలాలు కోసుకుంటోంది. మమ్మల్ని చూసి నిజంగా జాలిపడింది.

“ఏమైంది బిడ్డా, గీ దిక్కుకెల్లి వచ్చిండ్రు? మేకల బాట ఆ పక్కకున్నది.”

అన్వేషణ అనే మాట మీద నాకున్న గౌరవం ఆ రోజుతో పోయింది. ఎవరూ చూడని చోటు అని పటం మీద రాసేవాడు అక్కడి మనుషులను అడగనివాడు, అంతే. అయితే అడగడం కూడా ఒక విద్య. అది నాకు రాలేదు. రాకపోవడం వల్ల ఒక మనిషి కాలు పోయింది. ఈ కాగితాలు ఆ ఒక్క విషయం కోసం రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి, సన్మానాల గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆపేయవచ్చు.

మా ఇంటి మాట తీరు

మాది మోత్కూర్ దగ్గర గడీ. దేశ్‌ముఖులం. నా చిన్నతనంలో మా వాకిట్లోకి చెప్పులతో వచ్చినవాడు లేడు. నాకు ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఆ వాకిట్లో పల్లేరు మొలిచింది. పోయిందని నేను ఎవరి ముందూ ఏడవలేదు. పోవలసిందే పోయింది. కానీ ఎట్లా పోయిందో మాత్రం మా వాళ్లలో ఒక్కరూ చివరిదాకా అర్థం చేసుకోలేదు.

మా బాపు జీవితంలో ఎవరినీ ప్రశ్న అడగలేదు. ఆయన అడిగినట్టు కనిపించేవన్నీ ‘కదా’తో ముగిసేవి. “చెరువు నిండింది కదా?” నిండింది దొరా. “ఆ ముసలోడికి మనం చేసింది న్యాయమే కదా?” న్యాయమే దొరా. గడీలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన మాటే ఆయనకు తిరిగి వినబడేది. దాన్ని ఆయన ఊరి గొంతు అనుకున్నాడు. ఊరు తిరగబడడానికి ముందురోజు కూడా వరండాలో కూర్చుని, “ఊరంతా మన వెంటే ఉన్నది కదా?” అన్నాడు. ఉన్నది దొరా అన్నారు. మర్నాడు మా గేటు ఊడదీసినవాళ్లలో ఆ మాట చెప్పినవాళ్లు ఇద్దరున్నారు. బాపు దాన్ని ద్రోహం అన్నాడు. ద్రోహం కాదు. ఆయన ఏం చెప్పమన్నాడో వాళ్లు అదే చెప్పారు.

నేను పరీక్ష రాసి సర్వే ఉద్యోగం తెచ్చుకున్నాను. ఎవరి సిఫారసూ లేదు. మా చిన్నాయన అప్పటికి గడీ తలుపులు ఒక్కొక్కటే అమ్ముకుని తింటున్నాడు. అయినా వెండి పొన్ను చేతికర్ర మాత్రం వదల్లేదు. దాన్ని నేలకేసి కొట్టి, “దేశ్‌ముఖ్ కొడుకువు, కోతి లెక్క బండలెక్కుడేందిరా?” అన్నాడు.

“మీరు కూసున్న కుర్చీ ఎక్కి ఏం జూసిండ్రు చిన్నాయనా?” అని వచ్చేశాను. నా వీపు నిటారుగా ఉంటుందని, అది పొగరని డిపార్ట్‌మెంటులో అందరూ అనేవారు. నిజమే, పొగరే. గడీ నుంచి నేను తెచ్చుకున్నది అదొక్కటే అనుకున్నాను. ‘కదా’ కూడా నా నోట్లో ఉండి వచ్చిందని నాకప్పుడు తెలియదు.

కుర్చీ మీది కొలత

మా క్యాంపు ఆఫీసర్ సాంబశివరావు గారు కోస్తా నుంచి వచ్చినవాడు. చదువుకున్నవాడే. లెక్కల్లో తప్పు పట్టలేం. కాళ్లకే చదువు రాలేదు. గుడారం ముందు మడత కుర్చీ వేసుకుని, దుర్భిణితో గుట్టను చూసి, ఎత్తుల గీతలు కాగితం మీద గీసేవాడు. ఒకసారి ఆయన గీసిన వాలు పట్టుకుని పోయి చూస్తే, ఆ వాలు ఉండవలసిన చోట తాటిచెట్టు లోతున లోయ ఉంది. వచ్చి చెప్పాను.

“పటం ఎవరు చూడొచ్చారండీ దొరగారూ? అక్కడికి వెళ్లేదెవరు?” అన్నాడు.

ఆయన నన్ను దొరగారూ అని పిలిచేది గౌరవంతో కాదు. గడీ పోయినవాణ్ణని అందరికీ గుర్తుచేయడానికి. మా మాట కూడా ఆయనకు నవ్వులాటే. “గుట్ట గుట్ట అంటారేవిటండీ? గుట్టంటే మా వైపు కుప్ప. పేడ కుప్ప, గడ్డి కుప్ప. ఇదేమో కొండ” అనేవాడు. “అయితే ఆ కుప్ప ఎక్కి చూపించండి సార్” అన్నాను ఒకసారి. సామాను మోసే ఖలాసీలు మొహాలు అటు తిప్పుకున్నారు.

పై అధికారుల గురించి మీకు చెప్పవలసింది ఒక్కటే. ఎక్కనివాడు తేదీలు నిర్ణయిస్తాడు. ఎక్కేవాడు ఆ తేదీలకు లొంగితే పడతాడు. ఆయన మీద నాకు కోపం లేదు, చులకన ఉంది. ఈ ఉద్యోగంలో కోపం కంటే చులకనే ఆరోగ్యం.

సత్తయ్య

ఎక్కడం నాకు నేర్పినవాడు మా ఊరి గౌండ్ల సత్తయ్య. తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. నాకంటే అయిదారేళ్లు పెద్ద. వాళ్ల నాయిన మా గడీకి కల్లు కుండ తెచ్చేవాడు. నేను సర్వేలో చేరిన రెండో ఏడాది, చెట్లు ఎండి పని తగ్గే నెలల్లో అతన్ని ఖలాసీగా పెట్టించాను. సామాను మోసి, తాడు పట్టి, ముందు ఎక్కే మనిషిని మా పనిలో ఖలాసీ అంటారు.

ఆఫీసు మాకు మేకులు కొట్టిన బూట్లు ఇచ్చింది. అవి వేసుకుని ఆ ఏడాది మొదటి బండ మీద నేను రెండుసార్లు జారాను. సత్తయ్య ఉత్తకాళ్లతో పైకి పోయి, కూర్చుని, చుట్ట ముట్టించి చూస్తున్నాడు.

“ఏంది, నవ్వుతున్నవా?”

“లేదు దొరా. గుర్రానికి నాడాలు గొట్టి చెట్టెక్కిస్తున్నట్టున్నది.”

బూట్లు విప్పాను. మా వంశంలో నలుగురి ముందు ఉత్తకాళ్లతో నిలబడిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. బండ అరికాలికి అంటుకుంది.

సత్తయ్య నేర్పినవి ఏ పుస్తకంలోనూ లేవు. పగులులో చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించు, తేలు ఉంటే ముందే వస్తుంది. పెద్ద తేనెపట్టు కింద చుట్ట తాగకు. పొరలు లేచిన బండను సుత్తితో కొట్టి విను. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల విడిపోయిన పొర డబ్బుమంటుంది. డబ్బుమన్నదాని మీద బరువు వేయకు. ఈ చెవి నాకు ఎప్పటికీ పూర్తిగా రాలేదు. అతనికి ఉంది. తాటిచెట్టెక్కినప్పుడు మానును తట్టి చెట్టు లోపల పుచ్చిందో లేదో చెప్పే చెవి అది.

ఎనుపోతు గుట్ట

దేవరకొండకు దక్షిణాన, రెండు రోజుల నడక దూరంలో ఆ గుట్ట ఉంది. పడుకున్న దున్నపోతులా ఉంటుంది కనుక గొల్లవాళ్లు దాన్ని ఎనుపోతు గుట్ట అనేవారు. వెన్ను మీదికి మేకలు కూడా పోవు. తల వైపు మాత్రం ఒక నిలువు పగులు ఉంది. దాన్ని పట్టుకుని పోతే కొన అందుతుంది. ఆ కొన మీద గుర్తు పడితే చుట్టూ ఆరు గుట్టలకు లెక్క కుదురుతుంది. సాంబశివరావు గారు తేదీ వేశారు.

పొద్దున్నే సత్తయ్య నడుముకు మోకు కట్టుకుని ముందు ఎక్కాడు. పైకి పోయి ఏ గుండుకో తాడు బిగిస్తే మేము దాన్ని పట్టుకుని పోవాలి. అంటే ముందు పోయేవాడికి ఏ ఆధారం లేదు. నాలుగు నిలువుల ఎత్తు పోయాక పగులులో ఒక పలక అడ్డం వచ్చింది. తలుపంత పొర, బండకు ఆనుకుని నిలబడి ఉంది. దాన్ని పట్టుకుంటే పైకి పోవచ్చు. లేకపోతే దిగి, ఆ రోజుకు వదిలేయాలి. అతను సుత్తితో కొట్టాడు. కిందికి ఆ చప్పుడు గాలిలో కలిసి వచ్చింది. నాకు తెలియలేదు.

తెలియనప్పుడు అడగాలి. నేను అడిగాననే అనుకున్నాను.

“గట్టిదే గదా, సత్తయ్యా?”

ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం నేను విన్నాను. విని కూడా ఊరుకున్నాను.

“గట్టిదే దొరా.”

పలకను రెండు చేతులా పట్టుకుని కాలు పైకి తీశాడు. పలక అతనితో సహా వచ్చేసింది. అరుపు ఏమీ లేదు. బండ మీద బండ గీరుకున్న చప్పుడు ఒక్కటే. మా పక్కనున్న తుమ్మపొద మీద పడ్డాడు. అందువల్లే బతికాడు. పలక జారి వచ్చి అతని కుడికాలు మీద పడింది.

గొల్లవాళ్ల నులకమంచం మీద వేసుకుని, నలుగురు నలుగురుగా మార్చుకుంటూ రెండు రోజుల తొవ్వను ఒక పగటిలో నడిచాం. రోడ్డు దగ్గర బండి, ఆ తర్వాత బస్సు, నల్గొండ దవాఖాన. తొవ్వ పొడుగునా సత్తయ్య అన్న మాట ఒక్కటే: “సుత్తె కింద పడ్డది దొరా. ఎవరన్న దెచ్చిండ్రా?”

దవాఖానలో

ఎముక అతికింది కానీ వంకరగా అతికింది. తాటిచెట్టెక్కేటప్పుడు రెండు పాదాలూ చెట్టుకు ఒకేలా బిగియాలి. ఆ కాలు ఇక బిగియదని డాక్టర్ చెప్పాడు.

అతని భార్య లచ్చమ్మ మోత్కూర్ నుంచి వచ్చింది. మంచం పక్కన నేల మీద కూర్చుంది. నేను స్టూలు చూపించాను, లేవలేదు. నేను ఓదార్పు మాటలు కొన్ని చెప్పాను. డిపార్ట్‌మెంటు చూసుకుంటుంది, నేనున్నాను, ఇట్లాంటివి. ఆమె అన్నీ విన్నది.

“మీరు మంచోళ్లే దొరా. మీ నాయిన కూడ మంచోడే అనుకునేది మేము. గని మీ ఇంట్ల మనిషి ముందల నిలబడితే మా మొగోళ్లకు నాలిక మడతబడ్తది. గీయినె చెట్టు మీద ఎవ్వని మాట ఇనడు. వానొస్తదంటే ఎక్కడు, గాలొస్తదంటే ఎక్కడు. నేను మొత్తుకున్న ఎక్కడు. మీరు అడిగితె ఎక్కిండు.”

“ఊకో లచ్చిమీ” అన్నాడు సత్తయ్య.

“ఏం ఊకుండాలె? నువ్వు జెప్పవు, నన్ను జెప్పనియ్యవు. కాలు ఇరిగినంక గూడ గదే నాలికనా?”

ఆమె నీళ్లు తేవడానికి బయటకు పోయాక, నేను తలుపు వైపు చూస్తూ అడిగాను. అతని మొహం చూసి అడిగే ధైర్యం నాకు లేదు.

“కొట్టినప్పుడు పలక ఎట్ల పలికింది?”

“డబ్బుమన్నది దొరా.”

“విన్నవా?”

“ఇన్న.”

“మరి గట్టిదన్నవేంది?”

అతనికి ఈ ప్రశ్న విచిత్రంగా అనిపించింది.

“గట్టిదే గదా అన్నరు మీరు.”

వరండాలోకి వచ్చి నిలబడ్డాను. మా బాపును నేను ఏళ్ల తరబడి మనసులో వెక్కిరించాను. ఆయన మాట వల్ల పోయింది గేటు. నా మాట వల్ల పోయింది కాలు. దొర అనే మాటను నేను అడిగి అనిపించుకోలేదు, నిజమే. వద్దని కూడా ఎన్నడూ అనలేదు. విని వీపు నిటారు చేసుకున్నాను.

కాదు అనడం

ఆ తర్వాత నా పార్టీలో ఒక నియమం పెట్టాను. బండ మీద ఎవరూ ‘కదా’ అనకూడదు. నేనైతే అసలే అనకూడదు. “గట్టిదేనా?” అని కూడా కాదు. “ఎట్లున్నది?” అనాలి. “ఎక్కుదామా?” అనవద్దు. “ఏం జేద్దాం?” అనాలి. అడిగాక నోరు మూసుకుని, జవాబు వచ్చేదాకా ఆగాలి. ఇది చదివి మీకు నవ్వు వస్తే, మీరు ఇంకా ఎవరినీ తాడు చివర పంపలేదని అర్థం.

మొదట్లో అభాసుపాలైంది. కాదంటేనే దొరకు ఇష్టమని ఖలాసీలు అర్థం చేసుకున్నారు. ఇక అన్నింటికీ కాదే.

“మల్లయ్యా, వంట ఎంతవరకు వచ్చింది?”

“కాలే సార్.”

“పొగ లేదు, ఏమీ లేదు. దింపినట్టున్నవు?”

“దింపిన సార్. గని కాలే.”

ఒక పదిహేను రోజులు ఇట్లాంటి ఉత్త ‘కాదు’లే నడిచాయి. తర్వాత మెల్లగా కుదిరింది. కొందరికి ఎప్పటికీ కుదరలేదు. వాళ్లను నేను ముందు ఎక్కించలేదు, పెట్టె మోయించాను. సంతోషపెట్టే జవాబు ఇచ్చేవాడు చెడ్డవాడు కాదు. ముందు నడవడానికి మాత్రం పనికిరాడు.

సత్తయ్యను మళ్లీ తీసుకున్నాను. కావలి ఖలాసీగా. ఎక్కలేడు కానీ కింద కూర్చుని చూస్తాడు, వింటాడు. సాంబశివరావు గారికి ఇది నచ్చలేదు. “కుంటివాడికి ఖలాసీ జీతవేవిటండీ? మీ గడీ ధర్మసత్రం ఇక్కడ పెట్టారా?” అన్నాడు. చివరికి ఒక షరతు పెట్టాడు. మిగిలిపోయిన ఎనుపోతు గుట్ట ఈ సీజన్లో పూర్తి చేస్తే సత్తయ్య ఉంటాడు. కాకపోతే, ఆ గుట్ట కిందనే అతని చేత ఆఖరి జీతానికి వేలిముద్ర వేయించి పంపేయాలి. ఈ మాట ఆయన గుడారంలో చెప్పలేదు. అందరూ సద్ది తింటుండగా, సత్తయ్య వినేలా చెప్పాడు.

రెండోసారి

ఈసారి ముందు నేనే ఎక్కాను. వీరత్వం అనుకోకండి. ఇంకొకణ్ణి ముందు పంపి కింద నిలబడే ముఖం నాకు లేదు, అంతే. మల్లయ్య నా వెనక రెండో వాడు. సత్తయ్య ఎదురుగా ఉన్న గుండు మీద, పగులు పక్క నుంచి కనిపించే చోట కూర్చున్నాడు. సాంబశివరావు గారు ఆ రోజు స్వయంగా వచ్చారు. మడత కుర్చీ తెప్పించుకుని నీడలో వేయించుకున్నారు.

పలక ఊడిపోయిన చోట బండ ఇంకా లేత రంగులో ఉంది. అది ఊడి బయటపడిన అంచులు పట్టుకుని దాటాను. దాని పైన, కొనకు నిలువున్నర దూరంలో, ఇంకో పలక ఉంది. మొదటిదాని కంటే పెద్దది. నా ఎడమకాలు వేళ్ల మీద నిలబడి సుత్తితో కొట్టాను. నా చెవికి ఖంగుమన్నట్టే ఉంది. రెండోసారి కొట్టాను. ఏమో. కొన కనిపిస్తోంది. చెయ్యి చాస్తే చాలు అనిపించే దూరం.

“సత్తయ్యా! ఎట్లున్నది?”

మళ్లీ కొట్టాను. గుండు మీద అతను లేచి, వంకర కాలు మీద ఒరిగి, తల పక్కకు పెట్టి వింటున్నాడు. ఏ మాట చెబితే తన పని నిలుస్తుందో అతనికి తెలుసు. నాకూ తెలుసు. ఆగాను.

నీడలోంచి సాంబశివరావు గారు కేక వేశారు. “చెప్పవయ్యా! ఇంకెంతసేపు? గట్టిదే కదా?”

ఆ ‘కదా’ బండకు కొట్టుకుని నా దాకా వచ్చింది. ఆయన గొంతే. కానీ నాకు అది మా వరండాలోంచి వచ్చినట్టు వినబడింది.

సత్తయ్య ఆఫీసర్ వైపు చూడలేదు.

“దిగుండ్రి దొరా” అన్నాడు.

“ఎందుకు?” అన్నది నేను కాదు, ఆఫీసర్. “ఎందుకు దిగాలి? ఏవయ్యా, నీ ఉద్యోగం పోతుందని తెలుసా?”

“ఎరుకే సార్. దొరా, దిగుండ్రి. కుడికాలు ముందల దియ్యుండ్రి.”

దిగాను. దిగడం ఎక్కడం కంటే ఎక్కువసేపు పట్టింది. కిందికి వచ్చేసరికి ఎండ ముదిరింది, జెండాలు కనిపించడం మానేశాయి. ఆ రోజు పని పోయింది. ఆ సీజన్‌కు ఆ గుట్టా పోయింది. తర్వాత పక్క గుట్టల మీద రెండు గుర్తులు పెట్టి, చుట్టు తిప్పి లెక్క కుదిర్చాం. ఇరవై రోజుల అదనపు పని.

సాంబశివరావు గారు కుర్చీ మడతపెట్టించారు. “షరతు గుర్తుందనుకుంటాను దొరగారూ. రేపు అతన్ని పంపించేయండి.”

“పంపిస్తాను సార్. నేనూ అతనితోనే పోతాను. మిగిలిన పద్నాలుగు గుట్టలూ తమరు ఎక్కండి.”

“బెదిరిస్తున్నారా?”

“మనవి చేస్తున్నాను. తమకు బూట్లు వద్దు సార్, ఉత్తకాళ్లతో అయితే జారదు.”

ఆయన నన్ను చూశాడు, గుట్టను చూశాడు, తన కాళ్లను చూసుకున్నాడు. వెనక్కి తిరిగి క్యాంపు దారి పట్టాడు. సత్తయ్య విషయం మళ్లీ ఎత్తలేదు. ఆ ఏడాది నా గురించి పైకి ఏం రాశాడో నాకు తెలుసు. దాని ఫలితం చాలా ఏళ్లు అనుభవించాను. దాని గురించి చెప్పవలసినంత విలువ దానికి లేదు.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఆ రెండో పలక ఏమైంది? సర్వే వదిలే ముందు పనిగట్టుకుని పోయి చూశాను. అక్కడే ఉంది. నన్ను మోసేదో, మోసేది కాదో ఈ రోజుకూ నాకు తెలియదు. మీ ఉద్యోగంలో మీ మాట కాదన్నవాడి మాట విని వెనక్కి వచ్చిన ప్రతిసారీ ఇంతే. అతను చెప్పింది నిజమని రుజువు దొరకదు. ఊరికే దిగివచ్చావని నవ్వేవాళ్లు దొరుకుతారు. ఆ నవ్వు భరించలేనివాడు ఈ పనికి రావద్దు.

ఆ రోజు ఆయన పోయాక, ఖలాసీలు తాళ్లు చుడుతుండగా, నేను సత్తయ్య పక్కన పోయి కూర్చున్నాను. లచ్చమ్మ కట్టిచ్చిన ఎండు జొన్నరొట్టె విప్పి సగం నాకు ఇచ్చాడు. తింటూ అడిగాను.

“పలక ఎట్ల పలికింది సత్తయ్యా?”

“సక్కగ ఇనరాలే. ఒకపారి ఖంగుమన్నట్టున్నది, ఒకపారి కాదు.”

“మరి దిగుమన్నవు?”

“ఇనరాకపోతె దిగుడే గద దొరా.”

“నీ నౌకరి పోయేది.”

“పోయేది.” రొట్టె ముక్క నమిలి మింగాడు. “పోయినసారి గూడ నాకు భయమే. ఇయ్యాల ఇంకింత భయం.”

“మరి పోయినసారి చెప్పని మాట ఇయ్యాల ఎట్ల చెప్పినవు?”

సత్తయ్య నా వైపు తిరిగాడు. నేను నిజంగానే తెలియక అడుగుతున్నానా అని చూస్తున్నట్టు చూశాడు.

“అప్పుడు మీరు అడగలే దొరా, చెప్పిండ్రు” అన్నాడు. “ఇయ్యాల అడిగిండ్రు.”